కొబ్బరినూనెకు పోని రంగు

నాటకం ముగిసిన తరువాత గ్రీన్‌రూమ్‌లో జరిగే పని ఒకటుంది. దానిని ప్రేక్షకులెవరూ చూడరు. అరచేతిలో కొంచెం కొబ్బరినూనె పోసుకుని, రెండు చేతులతోనూ ముఖానికి పట్టించి, పాత పంచె నుంచి చింపిన గుడ్డముక్కతో నుదుటి మీద నుంచి కిందికి తుడుచుకుంటాం. మొదట కనుబొమల నలుపు కరిగి బుగ్గల మీదికి జారుతుంది. తరువాత ముడతల కోసం గీసుకున్న గోధుమరంగు గీతలు చెదిరిపోతాయి. చివరకు గుడ్డ మీద ఒక మనిషి మిగులుతాడు, అద్దంలో ఇంకొక మనిషి మిగులుతాడు. ముప్ఫై రెండేళ్లపాటు ఆ గుడ్డను ఉతికి ఆరేసుకుని, మళ్లీ సంచిలో పెట్టుకుని ఊళ్లు తిరిగాను. పాత్ర నాలోకి ఎప్పుడు వచ్చిందో ఏనాడూ చెప్పలేకపోయాను గానీ, ఎప్పుడు వెళ్లిపోయిందో మాత్రం ప్రతిసారీ తెలిసేది.

సినిమాలో నాకు ఆ గుడ్డ అక్కరకు రాలేదు. ఎందుకు రాలేదో కొన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను.

నేను ప్రభుత్వోద్యోగం చేస్తూ, సాయంత్రాలు రిహార్సల్స్‌లోనూ సెలవులు నాటక పరిషత్తుల పోటీలలోనూ గడిపినవాణ్ని. కెమెరా ముందుకు వెళ్లింది యాభై నాలుగో ఏట. ఇప్పటికి చేసినవి పదిహేను లోపు, అన్నీ చిన్న పాత్రలే. కాబట్టి తారల జీవితం గురించి చెప్పే అర్హత నాకు లేదు. అయితే రంగస్థలం మీద ఒళ్లు వంచి పని నేర్చుకున్న మనిషి ఆలస్యంగా సినిమాకు వెళితే అతనికి ఏమవుతుందన్న విషయం మీద మనవాళ్లు తరచుగా చెప్పే రెండు మాటలున్నాయి. నాటకాలవాళ్లు ఎక్కువ చేస్తారు, సినిమాకు తగ్గించుకోవాలి అన్నది మొదటిది. గొప్ప నటుడు పాత్రలో కరిగిపోతాడు, తానంటూ మిగలడు అన్నది రెండోది. సన్మానసభలలో ఈ రెండింటినీ ఎన్నోసార్లు విన్నాను, కొన్నాళ్లు నేనూ అన్నాను. ఇప్పుడు రెండూ తప్పని నమ్ముతున్నాను.

మొదటి మాటతో మొదలుపెడతాను. నా తొలి షూటింగులో నాకున్నది ఒకే ఒక్క సన్నివేశం. అప్పు తీర్చడానికి గడువు అడగడానికి వచ్చిన రైతు వడ్డీ వ్యాపారి అరుగు ముందు నిలబడి నాలుగు వాక్యాలు మాట్లాడాలి. మొదటి టేకు అయ్యాక దర్శకుడు మర్యాదగానే, "కొంచెం తగ్గించండి సార్" అన్నాడు. గొంతు తగ్గించాను. మళ్లీ అదే మాట అన్నాడు. చేతులు కదపడం మానేశాను. మళ్లీ అదే. కనుబొమలు కూడా బిగబట్టుకున్నాను. ఆరో టేకుకు నేను కొయ్యబొమ్మలాగా నిలబడి అంకెలు అప్పజెప్పినట్టు డైలాగు అప్పజెప్పాను. మానిటరు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం కన్నా ఈల వేసి దించేసినా బాగుండేదనిపించింది. భోజన విరామంలో కెమెరామన్, నాకన్నా పెద్దవాడు, పక్కన కూర్చుని ఒక మాట చెప్పాడు: "మీరు ఆయనతో మాట్లాడటం లేదండీ. ఆయన వెనకాల ఎక్కడో దూరంగా ఉన్నవాళ్లకు చెబుతున్నారు."

నిజమే. నేను చెబుతున్నది చివరి వరుసకు. పరిషత్తు నాటకం చేసిన ప్రతివాడికీ ఆ చివరి వరుస వెన్నెముకలోనే ఉంటుంది. పైనుంచి రెండో మూడో మైకులు వేలాడుతుంటాయి. వాటి కిందికి చేరి మాట్లాడితే గాని మాట హాలులోకి పోదు. ఎదుటి పాత్రతో మాట్లాడుతున్నా ఛాతీ సగం ప్రేక్షకుల వైపు తిప్పి ఉంచాలి. ఏడుస్తున్నా మాట విరగకూడదు. వాక్యం చివరి అక్షరం మింగకూడదు. వెనక్కి తిరిగితే ముఖం పోతుంది, మైకుకు దూరమైతే గొంతు పోతుంది. ఇవన్నీ అతి కావు. ముప్ఫై అడుగుల అవతల చెక్క కుర్చీలో కూర్చున్న మనిషి పట్ల చూపే గౌరవం. ఆయన టికెట్టు కొనకపోవచ్చు గానీ నిద్ర మానుకుని వచ్చాడు. ఆయనకు నా కన్ను చెమ్మగిల్లడం కనిపించదు, అందుకని భుజం చేత ఆ పని చేయిస్తాను.

కెమెరా ముందు మారవలసింది ఆ కొలత కాదు, మాట వెళ్లే చోటు. చివరి వరుసకు చేరవలసిన మాట ఇప్పుడు ఎదుటివాడి కళ్ల దగ్గరే ఆగిపోవాలి. ఆ మధ్యాహ్నం ఏడో టేకులో నేను ఏదీ తగ్గించలేదు. వడ్డీ వ్యాపారి వేషంలో ఉన్న ఆయన ఎడమ కంటి కింద ఒక పుట్టుమచ్చ ఉంది. దానిని చూస్తూ, ఆయన్ను ఒప్పించడం తప్ప నాకు వేరే పని లేదన్నట్టు మాట్లాడాను. గొంతు దానంతట అదే దిగింది, చేతులు వాటంతట అవే అవసరమైన చోట లేచాయి. టేకు ఓకే అయింది. "తగ్గించండి" అనే మాట వల్ల ఎంతమంది మంచి నాటకరంగ నటులు తెర మీద కట్టెలా కనిపించారో తలచుకుంటే బాధగా ఉంటుంది. వాళ్లను తగ్గమన్నారు, వాళ్లు తగ్గారు, ఉన్న ప్రాణం కూడా దానితో పాటే పోయింది.

మన పాత లెక్కలోనే దీనికి మంచి వివరణ ఉంది. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలికలు), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం ఒంటి మీద తేలడం) అని నాలుగుగా చెప్పింది. సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, కంపం, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం). చెమట పట్టడం, రంగు మారడం, గొంతు జీరబోవడం వంటివన్నీ అందులోవే. రంగస్థలం మీద ఆంగిక వాచికాలు పెద్దబండిని లాగే ఎద్దులు. సాత్త్వికం ఉన్నా మూడో వరుస దాటి కనిపించదు. క్లోజప్‌లో మాత్రం తెర నిండా కనిపించేది అదే. అంటే సినిమా కొత్త నటనను అడగడం లేదు. మనం ఎప్పుడూ చేస్తూనే, ఎవరికీ కనిపించదులే అని వదిలేసినదాన్ని అడుగుతోంది.

తెలుగు టాకీ పుట్టిందే రంగస్థలం ఒడిలో. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో నటించినవాళ్లలో సురభి నాటక సమాజం వాళ్లున్నారు, ఆ కథ వచ్చింది కూడా నాటకం నుంచే. తొలినాళ్లలో పద్యం రాగం తీసి పాడితేనే నటన అనుకున్నవాళ్లు చాలామందే. అయితే అదే కాలంలో బళ్లారి రాఘవ వంటివారూ ఉన్నారు. తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారిలో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, రంగస్థలం మీద పాట కన్నా భావానికి పెద్దపీట వేసిన మనిషి ఆయన. స్త్రీ పాత్రలను స్త్రీలే వేయాలని పట్టుబట్టినవాడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ'లో నటించాడు. ఆయన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. సహజంగా నటించడమనేది కెమెరా వచ్చి మనకు నేర్పిన విద్య అని చెప్పేవాళ్లు రాఘవను గుర్తు చేసుకోవాలి. కెమెరా ఇంకా నోరు విప్పకముందే ఆయన ఆ పోరాటం రంగస్థలం మీద చేశాడు.

సినిమాలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి వేరే ఉన్నాయి. నాటకంలో దుఃఖం గంటసేపు పేరుకుంటుంది. మొదటి రంగంలో విన్న చిన్నమాట నాలుగో రంగంలో పగులుతుంది. సినిమాలో కూతురి శవం ముందు ఏడ్చింది సోమవారం, ఆ కూతురికి పెళ్లిచూపులు జరిగింది గురువారం. ఎదుటి నటి పని ముగించుకుని వెళ్లిపోతే నా క్లోజప్‌కు ఆమె మాటలు అసిస్టెంటు డైరెక్టరు కాగితం చూసి చదివాడు. లెన్సు పక్కన అతికించిన టేపు ముక్కను కూతురనుకుని చూడమన్నారు. వీటికి నాటకమే విరుగుడు ఇచ్చింది. నా పాత్ర కనిపించే నాలుగు సన్నివేశాలూ మొత్తం కథలో ఎక్కడ పడతాయో నోటుబుక్కులో వరుసగా రాసుకుని, మధ్యలో తెరమీద లేనప్పుడు అతను ఏం చేసి ఉంటాడో పూరించుకుని, ఇంట్లో ఆ వరుసలోనే రిహార్సల్ చేసుకునేవాణ్ని. నలభై రోజుల రిహార్సల్‌కు అలవాటుపడ్డ మనసుకు అది తిండి లాంటిది.

డబ్బింగు మాత్రం ఇప్పటికీ కొరుకుడుపడలేదు. షూటింగు అయిన రెండు మూడు నెలలకు చీకటి గదిలో నిలబెట్టి, తెర మీద కదులుతున్న నా పెదవులకే నన్ను మాట అందించమంటారు. నా ఒంటికీ నా గొంతుకూ మధ్య అన్ని నెలల ఎడం ఉండగలదని ముప్ఫై రెండేళ్ల నాటకంలో ఒక్కసారీ తెలియలేదు. ఆ గదిలోనే మొదటిసారి నా ముఖాన్ని పరాయి మనిషి ముఖంగా చూశాను. ఇక్కడి నుంచి నేను రెండో మాట దగ్గరకు వస్తాను.

రంగస్థల నటుడికి తన వేషం కనిపించదు. అద్దంలో మేకప్ కనిపిస్తుంది గానీ, నటిస్తున్న తాను కనిపించడు. అతని పాత్ర ప్రేక్షకుల జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండదు. తెల్లారి అతను మళ్లీ గుమాస్తానో మాస్టరో అయిపోయి, ఇంకో నెలకు ఇంకొకడుగా వస్తాడు. సినిమా నటుడి ముఖం రీలులో ఉండిపోతుంది. అది అతను పోయిన తరువాత కూడా అదే పాత్రగా తిరుగుతూ ఉంటుంది. అందువల్ల రంగస్థలం ముఖాన్ని ఒక రాత్రికి అరువు తీసుకుంటుందనీ, సినిమా శాశ్వతంగా రాయించుకుంటుందనీ అనుకుంటాను.

దీనికి జె.వి. సోమయాజులు గారి జీవితం కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆయన డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఉద్యోగి. తమ్ముడు జె.వి. రమణమూర్తి గారితో కలిసి 'కన్యాశుల్కం' నాటకాన్ని ఊరూరా ఆడినవాడు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. గురజాడ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడించి, 1909లో తిరగరాసి అచ్చువేసిన ఆ నాటకంలో రామప్పంతులు ఎవరో చదివినవాళ్లకు చెప్పనక్కరలేదు. కపటం, కోర్టు తగాదాలు, మధురవాణి ఇంటి మీద పెత్తనం, పిరికితనం అన్నీ కలిసిన మనిషి. ఆ వేషం కట్టి, జనాన్ని నవ్వించి, ఏవగించుకునేలా చేసిన నటుడే యాభై దాటిన వయసులో, 1980లో, 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా వచ్చాడు. ఆ తరువాత ఆయన్ను చూసిన జనానికి రామప్పంతులు కనిపించే అవకాశమే లేకపోయింది. నుదుటి విభూతి, నిటారుగా నడిచే నడక, కళ్లలో నిప్పు, అవే ఆయన అయిపోయాయి. తరువాత వచ్చిన పాత్రలలో ఎక్కువభాగం ఆ నీడలోనే పడ్డాయి.

ఇది గౌరవమే, కాదనను. అయితే మన ప్రశంసలో ఒక పొరపాటుంది. ఆయన శంకరశాస్త్రిలో కరిగిపోయాడని అంటాం. కరిగిపోయినవాడు అంతకు ముందు రామప్పంతులు ఎలా అయ్యాడు? రెండు పాత్రలకూ ఆవల నిలబడి, ఒకదానికి వంగిన నడుమూ దొంగచూపూ ఇచ్చి, రెండోదానికి నిటారు వెన్నూ కదలని చూపూ ఇవ్వగలిగిన మనిషి ఒకడున్నాడు. కళంతా ఆ మనిషిది. మనం ఆయన్ను పాత్రతో కలిపేసిన ప్రతిసారీ ఆ మనిషి పడ్డ శ్రమను చెరిపేస్తున్నాం.

వెయ్యేళ్ల కిందట నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు దీనిని ఎంతో తేటగా చెప్పాడు. రసం నటుడిలో ఉండదన్నాడు. నటుడు ఆస్వాదనకు సాధనం, అందుకే అతన్ని 'పాత్ర' అన్నారని, మద్యం పోసిన గిన్నెకు మద్యం రుచి తెలియదని ఆయన వివరణ. మనం ఇప్పుడు పాత్ర అనే మాటను కథలోని మనిషికి వాడుతున్నాం. మొదట అది పోసుకోవడానికి పట్టిన గిన్నె. గిన్నె కరిగిపోతే పోసినది నేలపాలవుతుంది. నిజంగా ఏడుపు ఆపుకోలేక మాట మింగేసిన రోజులు నాకూ ఉన్నాయి. తోటి నటులు భుజం తట్టారు, చివరి వరుసకు ఏమీ వినపడలేదు.

స్థానం నరసింహారావు గారి సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1902లో పుట్టిన ఆ బాపట్ల మనిషి దశాబ్దాల పాటు సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి వంటి స్త్రీ పాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ పొందాడు. ఆయన సత్యభామ నడకను చూసి ఇళ్లలో ఆడవాళ్లు నడక నేర్చుకున్నారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. 1942లో 'సత్యభామ' సినిమా వస్తే అందులో ఆయన కృష్ణుడు, సత్యభామ పుష్పవల్లి. రంగస్థలం ఆయన్ను సత్యభామగా ఒప్పుకుంది, ఎందుకంటే అక్కడ ముఖం కన్నా నటన ముందుంటుంది. కెమెరా దగ్గరికి వచ్చేసరికి చర్మం, గొంతు, దవడ ఎముక ముందుకొచ్చాయి. నువ్వు ఏమి కాగలవన్నది రంగస్థలం అడిగే ప్రశ్న. నువ్వెవరన్నది సినిమా అడిగే ప్రశ్న. ఆయన రెండో ప్రశ్నకు కృష్ణుడిగా జవాబు చెప్పి, మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి మళ్లీ రంగస్థలం మీదే సత్యభామ అయ్యాడు.

యాస విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. కోట శ్రీనివాసరావు గారిది కృష్ణా జిల్లా కంకిపాడు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెరమీదికి వచ్చారు. 1985లో 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసను అంతగా పట్టుకున్నారంటే, ఆయన్ను ఆ ప్రాంతంవాడే అనుకున్నవాళ్లున్నారు. అది నాటకాలవాడి చెవి. జయప్రకాశ్ రెడ్డి గారిది నాటి కర్నూలు జిల్లా. ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేసినవారు. ఆయన తన సొంత నేల యాసతోనే పేరు తెచ్చుకున్నారు. సినిమా ఆ యాసనూ ఆ గద్దింపునూ పదే పదే అడిగింది. ఆయన మాత్రం 'అలెగ్జాండర్' అనే పూర్తి నిడివి నాటకాన్ని ఒక్కడే రంగస్థలం మీద నడిపించి, తెర మీద అడగని మనిషి తనలో ఇంకా ఉన్నాడని చూపించారు. 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు టీవీలన్నీ తొడగొట్టే దృశ్యాలే చూపించాయి. నాకు మాత్రం ఒంటరిగా రంగస్థలం మీద నిలబడ్డ ఆయనే గుర్తుకొచ్చారు.

ఇంతమందిలో ఒక పోలిక ఉంది. లాయరు, డిప్యూటీ కలెక్టరు, బ్యాంకు ఉద్యోగి, మాస్టరు. మన రంగస్థలం నటుడికి అన్నం పెట్టలేకపోవడం వల్ల వచ్చిన స్థితి ఇది, అందులో సందేహం లేదు, దానిని గొప్పగా చెప్పుకోవడం అన్యాయం. పూర్తికాలం నటనకే జీవితం ఇచ్చినవాళ్లు ఈ మాటకు నొచ్చుకోవచ్చు. ఉద్యోగం ఉన్నవాడికి నటన కాలక్షేపమని వాళ్లు అంటే నేను వాదించను, కొందరి విషయంలో అది నిజమే. అయినా నా అనుభవం చెప్పేది ఇంకొకటి. పొద్దున్న పది గంటలకు దరఖాస్తు పట్టుకుని బల్ల ముందు నిలబడే ముసలివాడు నన్ను నటుడిగా ఎరగడు. అతనికి నేను సంతకం పెట్టవలసిన మనిషిని. నన్ను వేషంతో సంబంధం లేకుండా పిలిచేవాళ్లు రోజుకు నలభైమంది ఉండటం వల్ల నా పేరు నాకు గుర్తుంది. పైగా ఆ ముసలివాడు దరఖాస్తు మడతలు విప్పే తీరు నా ఏడెనిమిది వేషాలలో ఉంది. నటుల మధ్యనే బతికితే నటులనే నటిస్తాం.

ఇప్పుడు తువ్వాలు సంగతి చెబుతాను.

మా నాన్నగారికి ఒక అలవాటుండేది. ఎవరి ముందైనా సాయం అడగవలసి వస్తే భుజం మీది తువ్వాలు తీసి, రెండు మడతలు పెట్టి, ఎడమ చేతిలో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో అంచు నిమురుతూ మాట్లాడేవారు. అవతలి మనిషి కాదంటే దానిని విప్పి, దులిపి, మళ్లీ భుజం మీద వేసుకునేవారు. ఆ దులపడంలోనే ఆయన పౌరుషమంతా ఉండేది. రంగస్థలం మీద నేను దానిని ఎప్పుడూ వాడలేదు. వాడినా మొదటి రెండు వరుసలకు తప్ప బొటనవేలు కనిపించదు, అందువల్ల తోచలేదు. మూడో సినిమాలో, చేతులు ఏం చేయాలో తెలియక నిలబడినప్పుడు, కూతురి ఫీజు కోసం షావుకారును అడిగే సన్నివేశంలో నా చేతులు వాటంతట అవే ఆ తువ్వాలు మడిచాయి. దర్శకుడు కట్ చెప్పి, కెమెరాను దగ్గరికి జరిపించి, చేతులను మాత్రమే విడిగా తీశాడు. ఆ సినిమా పెద్దగా ఆడలేదు గానీ ఆ ముక్క ఫోన్లలో తిరిగింది.

మా చెల్లెలు ఆ ముక్క చూసి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్నయ్యా, అది నాన్నది కదా" అంది. నేను అవునన్నాను. "ఆయన అలా నిలబడటం మనం తప్ప ఎవరూ చూడకూడదని అమ్మ తలుపు వేసేది, గుర్తుందా?" అంది. నాకు గుర్తుంది. వాకిట్లో షావుకారు గుమాస్తా ఉంటే అమ్మ వచ్చి వీధితలుపు దగ్గరగా వేసేది, పక్కింటివాళ్లు చూడకుండా. చెల్లెలు నన్ను నిందించలేదు. ఆ తలుపు నేను తీశానని మాత్రం ఇద్దరికీ అర్థమైంది.

దీనిని నేను అనేక రోజులు తర్కించుకున్నాను. నటుడికి తన జీవితం తప్ప వేరే ముడిసరుకు లేదు కదా అని ఒక వాదం. నాన్నగారి చేతులు పోయాక కూడా ఎక్కడో బతికి ఉన్నాయి కదా అని ఇంకో వాదం. రెండూ అబద్ధాలు కావు. అయితే రంగస్థలం మీద అదే మడత పెట్టి ఉంటే, ఆ రాత్రి చూసినవాళ్లతో అది వెళ్లిపోయేది, మళ్లీ చేయాలో వద్దో నేను నిర్ణయించుకునేవాణ్ని. ఇప్పుడు అది నా చేతిలో లేదు. ఆ తరువాత వచ్చిన ప్రతి సెట్టులోనూ ఎవరో ఒకరు, "ఆ తువ్వాలు బిట్ చేయండి సార్, బాగుంటుంది" అన్నారు. రెండుసార్లు చేశాను. మూడోసారి వేలు అంచును నిమురుతుంటే దాని వెనక నాన్నగారు లేరు, నేను మాత్రమే ఉన్నాను, బాగా వచ్చిందో లేదో అని మానిటరు వైపు చూస్తూ. ఆ రోజు రాత్రి లాడ్జిలో ఎంత తుడుచుకున్నా ముఖం మీద ఏదో మిగిలిపోయినట్టే అనిపించింది. అసలు ఆ రోజు నాకు మేకప్ వేయనే లేదు.

అప్పటినుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. సినిమా కోసం నా శరీరం, గొంతు, వయసు, నేను వీధిలోనూ ఆఫీసులోనూ చూసి నేర్చుకున్న వందమంది నడకలు ఇస్తాను. రెండో టేకులోనూ పదో టేకులోనూ ఒకే చేత్తో గ్లాసు ఎత్తుతాను, మార్కు మీద నిలబడతాను, ఎదుటి నటుడి క్లోజప్‌కు పక్కన నిలబడి నా మాటలు నేనే అందిస్తాను. ఇంట్లోవాళ్లు తలుపు వేసి దాచుకున్నది ఇవ్వను. నటన అంటే ఉన్నదంతా ఇచ్చేయడమేనని కుర్రవాళ్లకు నేర్పేవాళ్లు దీనిని పిసినారితనం అనవచ్చు. రాత్రికి రంగు కడుక్కుని ఇంటికి వెళ్లే కళలో అంతా ఇచ్చినా తెల్లారికి ఊట నీళ్లలాగా మళ్లీ ఊరుతుంది. ముద్రపడి నిలిచిపోయే కళలో ఇచ్చినది తిరిగి రాదు. రెండింటికీ ఒకే సలహా చెప్పడం కుర్రవాళ్లకు అన్యాయం చేయడమే.

పోయిన నెలలో ఒక సినిమా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లికూతురి తండ్రి, మూడు రోజుల పని. కథ చెప్పిన అబ్బాయి ఎంతో గౌరవంగా మాట్లాడి, చివర్లో తువ్వాలు సంగతి అడిగాడు. ఆ మనిషి చేతులకు వేరే పని చూస్తాను బాబూ, అది మాత్రం కుదరదు అన్నాను. డైరెక్టరు గారిని అడిగి చెబుతానన్నాడు. మళ్లీ ఫోన్ రాలేదు.

ఈ ఆదివారం నుంచి కొత్త నాటకానికి రిహార్సల్స్ మొదలయ్యాయి. అందులో నాది వడ్డీ వ్యాపారి వేషం. నా ముందు నిలబడి గడువు అడిగే కుర్రవాడికి చేతులు ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకుంటున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ పెట్టుకుంటున్నాడు. దర్శకుడు నా వైపు చూశాడు, ఏదైనా చెప్పమన్నట్టు. అతన్ని అలాగే ఉండనివ్వండి, వాడి చేతులు వాడికే దొరుకుతాయి అన్నాను. ఇంటికి వచ్చి స్నానం చేసి, తీగ మీద ఆరిన తువ్వాలు తీసి, రెండు మడతలు పెట్టి అలమరాలో పెట్టాను.